నత్త – ఒకటి

ఆ ఉదయం సైన్సు మాస్టారి పథకం చాలా చిన్నది. మొదటి పీరియడులో ఏడో పాఠం ముగించాలి, రెండో పీరియడులో పదో పాఠం మొదలుపెట్టాలి. ఏడు తర్వాత పది ఎలా వస్తుందని ఎవరూ అడగకూడదు. పదకొండేళ్ళుగా ఎవరూ అడగలేదు కూడా. ఎనిమిదో పాఠం పేరు ‘ప్రత్యుత్పత్తి: సరళ జీవులు, మొక్కలు’. తొమ్మిదోది కూడా అదే సంగతి, కాకపోతే మనుషుల గురించి. అక్కడికి రాగానే మాస్టారు గొంతు సవరించుకుని, పేజీలు గబగబా దాటించి, "ఈ రెండూ సులువే. ఇంట్లో చదువుకోండి," అనేవారు.

నిజం చెప్పొద్దూ, ఆ పాఠంలో ఏముందో ఆయనకూ తెలియదు. ఆయన చదువుకున్నది భౌతికశాస్త్రం. బడిలో జీవశాస్త్రం చెప్పే ఆవిడ మానేసి వెళ్ళిపోయినప్పుడు, పెద్ద మేడం "మీకు జీవశాస్త్రం వచ్చా మాస్టారూ?" అని అడిగితే, "కొట్టిన పిండి మేడం!" అనేశారు. ఆ పిండిలో ఎనిమిదో పాఠం మాత్రం కొట్టకుండానే ఉండిపోయింది. పేరు చూసి పుస్తకం మూసేసే మనిషికి, లోపల ఉన్నది ఆలుగడ్డ, నత్త, రొట్టె పిండిని పొంగించే ఈస్టు అని ఎలా తెలుస్తుంది? అక్కడింకేదో ఉందనుకున్నారాయన. పిల్లల ముందు, అందులోనూ ఆడపిల్లల ముందు, చదవకూడనిదేదో.

దేవుడు ఆయనకు కట్టబెట్టిన భార్యేమో ప్రసూతి వార్డులో నర్సు. ఆవిడ భోజనాల దగ్గర కూర్చుని, "ఇవాళ కవలలండీ, రెండోవాడు కాళ్ళతో వచ్చాడు," అని మొదలుపెట్టగానే మాస్టారి చెవులు ఎర్రబడేవి. "అబ్బబ్బ, కంచం ముందు ఆ మాటలేమిటే!" అనేవారు. "మరి మీరేం, చెట్టుకి కాశారా?" అని ఆవిడ నవ్వేది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ ప్రశ్నకు ఆయన ఒక్కసారీ జవాబు చెప్పలేదు.

సరే, ఏడో పాఠం ముగిసింది. మాస్టారు పేజీలు దాటించారు. మొదటి బెంచీలో ఒక చెయ్యి లేచింది. ఆ పిల్ల క్లాసు లీడరు. పేరు ఏదైనా, స్టాఫు రూములో అందరూ ఆ పిల్లను ‘సందేహం’ అనే పిలుస్తారు.

"మాస్టారూ, ఎనిమిదో పాఠంలో నత్త ఉంది కదండీ. ఆ నత్తకి..."

"కూర్చో."

"అది కాదండీ, ఆ నత్త ఒక్కతే ఉంటే..."

"కూర్చోమన్నానా! ఇంట్లో చదువుకోమంటే ఇంట్లోనే చదువుకోవాలి. సందేహాలు కూడా ఇంట్లోనే రావాలి."

క్లాసంతా గొల్లుమంది. తలుపు బయట స్టూలు మీద కూర్చున్న అటెండరు కూడా మీసం చాటున నవ్వుకున్నాడు. పద్దెనిమిదేళ్ళుగా అతని చోటు అదే. సైన్సు గది రెండో తాళంచెవి అతని నడుముకు దారంతో కట్టి ఉంటుంది. పొద్దున్నే తియ్యడం, సాయంత్రం వెయ్యడం, మధ్యలో తలుపు పక్కన కూర్చుని పాఠాలు వినడం, ఇదీ అతని ఉద్యోగం.

ఆ మధ్యాహ్నమే బడికి గాజు తొట్టె వచ్చింది. ఎవరో పాత విద్యార్థి పంపించాడు. బడి గుమ్మం దాటి లోపలికి వచ్చినదేదైనా, ఊపిరున్నా లేకపోయినా, స్టాకు రిజిస్టరులో ఎక్కాలన్నది పెద్ద మేడం పెట్టిన నియమం. ఎక్కినదాన్ని ప్రతి శనివారం లెక్కపెట్టి సంతకం చెయ్యాలి. అందుకని ఆవిడ స్వయంగా వచ్చి రాయించారు. గాజు తొట్టె ఒకటి. గులకరాళ్ళు ఒక సంచి. నీటిమొక్క కాడలు ఐదు.

"ఇదేమిటి మాస్టారూ, ఆకు మీద?"

బఠాణీ గింజంత నత్త. కొమ్ములు రెండూ బయటికి చాచి ఆవిడ వైపే చూస్తోంది.

"మొక్కలతో పాటు వచ్చినట్టుంది మేడం."

"ఒక్కటేనా? పిల్లలూ గిల్లలూ పెట్టదు కదా? రిజిస్టరులో కొట్టివేతలంటే నాకు గిట్టదు."

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. "ఛఛ! ఒంటరిది మేడం. జోడీ లేనిదే ఎలా... అసలు ఆ ప్రశ్నే లేదు."

"అయితే రాసివ్వండి."

మాస్టారు రాశారు: ‘నత్త – ఒకటి. ఇకపైనా ఒకటే.’ కింద సంతకం పెట్టి తేదీ వేశారు. తొట్టెలో ఆయన తప్ప ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదని మేడం హుకుం జారీ చేశారు.

మొదటి శనివారం నత్త ఒకటే. రెండో శనివారమూ ఒకటే, కానీ తొట్టె గాజుకి లోపలివైపు అక్కడక్కడా జిగురు మరకలు కనిపించాయి. ముక్కు చీది అంటించినట్టున్నాయి. మాస్టారు అటెండరు మీద ఇంతెత్తున లేచారు.

"ఏమయ్యా, తినే చేతులతో తొట్టె ముట్టుకున్నావా?"

"నేను ముట్టుకోలేదండీ. మీరు వద్దన్నారు కదా."

"మరి ఈ జిగురెక్కణ్ణించి వచ్చింది?"

"నాకేం తెలుసండీ. తుడవమంటే తుడుస్తాను."

"వద్దు! చెయ్యి పెట్టావంటే ఊరుకోను."

ఆ మరకలు తుడిచేసి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. నాలుగో శనివారం మాస్టారు రిజిస్టరు చంకన పెట్టుకుని, ఈల వేసుకుంటూ వచ్చి తొట్టెలోకి చూశారు. ఈల ఆగిపోయింది. గాజు నిండా చిన్న చిన్న నత్తలు, ఆవగింజలకు కాళ్ళొచ్చినట్టు పాకుతున్నాయి. కళ్ళజోడు తుడుచుకుని లెక్కపెట్టారు. ముప్పై ఒకటి. రిజిస్టరులో చూస్తే తన చేతిరాతే: ఇకపైనా ఒకటే.

ఎవరో తెచ్చి వేశారు. అంతకంటే వేరే ఆలోచన ఆయనకు రాలేదు. మేడానికి చెబుదామని రెండడుగులు వేసి ఆగిపోయారు. "పిల్లలు ఎలా పుట్టాయి మాస్టారూ?" అని ఆవిడ అడిగితే? ఆ మాట ఆవిడ నోట వినాల్సివస్తుందేమోనన్న బెదురుకే ఆయన గది తలుపు దగ్గరగా వేశారు. ఖాళీ సీసా ఒకటి తీసుకుని, చెంచాతో ముప్పై నత్తల్నీ ఏరి అందులో వేశారు. చంపడానికి మనసొప్పలేదు. ఆకలికి చస్తాయేమోనని, జిగురంటిన రెండు కాడలు తుంచి సీసాలో పడేశారు. పెద్ద నత్తను మాత్రం తొట్టెలోనే ఉంచి, రిజిస్టరులో ‘నత్త – ఒకటి, సరిపోయింది’ అని రాశారు. పదకొండేళ్ళలో ఆయన రాసిన మొదటి అబద్ధం అది. అక్షరాలు వంకర్లు పోయాయి.

గేటు దగ్గర అటెండరు ఎదురయ్యాడు.

"మాస్టారూ, మీ సంచిలోంచి నీళ్ళు కారుతున్నాయండీ."

"చెమట."

"సంచికా అండీ?"

మాస్టారు తేలు కుట్టిన దొంగలా వెళ్ళిపోయారు.

ఇంట్లో భార్య సీసాను వెలుతురుకేసి ఎత్తి చూసింది. "నత్తలా? ఎన్నున్నాయి?"

"ముప్పై. ప్రయోగం."

"ఏం ప్రయోగం?"

"ప్రయోగమన్నానుగా, ఇంకేం అడక్కు."

ఆవిడ అడగలేదు. సీసాను వెనక వసారాలో నీళ్ళ కుళాయి పక్కన పెట్టింది. రెండు వారాలు తిరిగేసరికి సీసా చాలక, ఆవిడే వాటిని ఒక పాత బేసినులోకి మార్చింది. మాస్టారు వాటిని చూసి, "ఆ రోజు కంగారులో లెక్క తప్పి ఉంటాను," అనుకున్నారు. ఇక్కడైనా ఆయనకు వెలగాలి. వెలగలేదు.

ఈలోగా ఐదో శనివారం వచ్చింది. తొట్టెలో మళ్ళీ ఇరవై రెండు. ఈసారి మాస్టారికి కోపం వచ్చింది. గదికి తాళంచెవులు రెండు. ఒకటి తన జేబులో ఉంది, రెండోది ఎవరి నడుముకుంది? జిగురు మరకల గొడవ ఎవరితో అయింది? "సంచికా అండీ?" అని వెటకారం చేసింది ఎవరు? అన్నీ కలిశాయి. ఏమీ ఎరగని మనిషి మీద అనుమానం పుడితే అతని దగ్గుకి కూడా అర్థం కనిపిస్తుంది. మాస్టారు తెల్లకాగితం మీద ఫిర్యాదు రాసి పెద్ద మేడం బల్ల మీద పెట్టారు. కిందటి వారం ముప్పై సంగతి మాత్రం రాయలేదు.

మేడం అటెండరును పిలిపించారు.

"స్టాకు తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే. ఇరవై ఒక్క నత్తలు ఎక్కువ వచ్చాయి. ఏమంటావు?"

"నత్తలు నేనెక్కణ్ణించి తెస్తానండీ? తెచ్చి వేస్తే నాకేమొస్తుంది?"

"మాస్టారిని ఇరికించడానికని మాస్టారు అంటున్నారు."

అటెండరు మాస్టారి వైపు తిరిగాడు. కోపంగా కాదు, విన్నది సరిగ్గా విన్నానా అన్నట్టు చూశాడు. మేడం అడిగారు, "మాస్టారూ, మీకు ఖాయమేనా?"

ఖాయం కాదని అనడానికి అదే సమయం. మాస్టారు, "రెండో తాళంచెవి ఈయన దగ్గరే ఉంది మేడం," అన్నారు.

"అయితే ఆ తాళంచెవి ఇలా ఇవ్వు. వచ్చే నెల విద్యాధికారి గారు తనిఖీకి వస్తున్నారు. ఆయన ముందే తేలుద్దాం. తప్పు రుజువైతే మాత్రం ఈ బడిలో ఉద్యోగం ఉండదు. అప్పటిదాకా గేటు దగ్గర నిలబడు."

ఇంకో రెండేళ్ళలో పదవీ విరమణ అతనికి. నడుముకున్న దారం ముడి పద్దెనిమిదేళ్ళుగా విప్పనిది, బిగుసుకుపోయి ఒక పట్టాన ఊడలేదు. గోళ్ళతో పీకాడు, పళ్ళతో లాగుదామంటే నోటికి అందలేదు. అతను ముడితో కుస్తీ పడుతున్నంతసేపూ మాస్టారు పైన తిరిగే ఫ్యానును చూస్తూ నిలబడ్డారు. ఆఖరికి మేడమే కత్తెర ఇచ్చారు.

రెండు తాళంచెవులూ మేడం బీరువాలోకి వెళ్ళాయి. సైన్సు గది తాళం మీద కాగితం అంటించి, దాని మీద మూడు సంతకాలు పెట్టారు. వారం తర్వాత చించి చూస్తే నలభై నత్తలు.

"తాళం నా దగ్గరే ఉంది. కాగితం చిరగలేదు. ఇప్పుడేమంటారు మాస్టారూ?"

"కిటికీ అయ్యుంటుంది మేడం."

కిటికీ రెక్కలకు కాగితాలు అంటించారు. మరుసటి శనివారం యాభై మూడు. పైగా ఐదు కాడలు ఉండాల్సిన చోట, రెండు తుంచి పట్టుకుపోయిన చోట, తొమ్మిది కాడలు ఆకులు వేసి నిగనిగలాడుతున్నాయి. మేడం తొట్టెకేసి చూశారు, తర్వాత చాలాసేపు మాస్టారికేసి చూశారు.

"ఇక మిగిలింది పైకప్పు. అదీ అతికించమంటారా? ఈ గదిలోకి నాతో పాటు వచ్చేది మీరొక్కరే మాస్టారూ. నేనైతే వెయ్యలేదు."

అటెండరు వెయ్యలేదని మాస్టారికి ఆ క్షణమే తెలిసిపోయింది. మూసిన గదిలోకి ఎండలో గేటు దగ్గర నిలబడ్డ మనిషి ఎలా వస్తాడు? ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే సరిపోయేది. కానీ తీసుకుంటే ముప్పై నత్తలూ, వంకర సంతకమూ, ఇంటి వెనక బేసినూ అన్నీ బయటికొస్తాయి. అందుకని ఆయన వెనక్కి తీసుకోలేదు. రోజూ పొద్దున గేటు దగ్గర అటెండరు మామూలుగానే, "నమస్కారం మాస్టారూ," అనేవాడు. తిట్టినా బాగుండేది. నాలుగు రోజులు ఆ నమస్కారం తిని, ఐదో రోజు నుంచి మాస్టారు వెనక గేటు నుంచి రావడం మొదలుపెట్టారు. అటు మురుగు కాలువ దాటాలి. దాటారు. తను సిగ్గుమాలిన పని చేశానని ఆ కాలువ దాటిన ప్రతిసారీ ఆయనకు అనిపించింది.

తనిఖీ శనివారం రానే వచ్చింది. విద్యాధికారికి ఒక అలవాటు ఉంది. ఏ కాగితం చేతికిచ్చినా పైకి చదువుతాడు. సైన్సు గదిలో బల్ల ముందు కూర్చుని స్టాకు రిజిస్టరు తెరిచాడు.

"నత్త, ఒకటి. ఇకపైనా ఒకటే." తలెత్తాడు. "ఈ జోస్యం ఎవరు చెప్పారు?"

మాస్టారు చెయ్యి సగమే ఎత్తారు. లెక్కపెట్టడానికి క్లాసు లీడరును పిలిచారు. ‘సందేహం’ తొట్టెకు ముక్కు ఆనించి, వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది.

"డెబ్భై ఆరండీ. రాళ్ళ కింద ఉన్నవి కలపలేదు."

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర మాస్టారి భార్య ప్రత్యక్షమైంది. డ్యూటీకి వెళ్ళే తెల్లచీరలో ఉంది, రెండు చేతులతో బేసిను పట్టుకుంది, దాని మీద పళ్ళెం మూత ఉంది.

"ఏమండీ, మీ ప్రయోగం గోడెక్కి వంటింట్లోకి వస్తోంది. నాకు టైమైపోతోంది, ఇదిగో, మీరే చూసుకోండి," అని బేసినును అధికారి ముందున్న బల్ల మీదే పెట్టి మూత తీసింది. లోపల నల్లగా కదిలింది.

"ఇవి ఎక్కడివమ్మా?" అన్నాడు అధికారి.

"బడి నుంచే తెచ్చారండీ. తెచ్చినప్పుడు ముప్పై అన్నారు. ఇప్పుడు ఎన్నున్నాయో నాకు తెలీదు. నేను మనుషుల పిల్లల్నే లెక్కపెడతాను."

మేడం రిజిస్టరు పేజీ వెనక్కి తిప్పారు. ‘నత్త – ఒకటి, సరిపోయింది.’ వంకర అక్షరాలు.

"అంటే మాస్టారూ, మీరు ఇంట్లో నత్తల్ని పెంచి, తెచ్చి ఇందులో వేసి, ఆ నేరం అటెండరు మీద పెట్టారన్నమాట."

"కాదు మేడం! తీసుకెళ్ళానే గానీ తీసుకురాలేదు!"

"తీసుకెళ్తే తగ్గాలి కదా? ఇక్కడ డెబ్భై ఆరున్నాయే!"

మాస్టారు భూమి విచ్చుకుంటే బాగుండుననుకున్నారు గానీ అది సిమెంటు నేల. భార్య ఆయన్నీ బేసినునూ మార్చి మార్చి చూస్తోంది. అప్పుడు ‘సందేహం’ చెయ్యెత్తింది. ఈసారి కూర్చోమనే ధైర్యం మాస్టారికి లేకపోయింది.

"మాస్టారు వెయ్యలేదండీ. అటెండరు తాతగారు కూడా వెయ్యలేదు. నత్తే చేసిందండీ. ఎనిమిదో పాఠంలో ఉంది."

సంచిలోంచి పుస్తకం తీసి, వేలు పెట్టి చదివింది. "కొన్ని నీటి నత్తలలో ఆడ, మగ భాగాలు రెండూ ఒకే దేహంలో ఉంటాయి. జోడీ దొరకనప్పుడు ఒంటరి నత్త కూడా గుడ్లు పెట్టగలదు. గుడ్లు జిగురు ముద్దలుగా ఆకులకు, గాజుకు అంటుకుని ఉంటాయి. రెండు మూడు వారాలలో పిల్లలు బయటికి వస్తాయి." పేజీ తిప్పింది. "నీటిమొక్క కాడను తుంచితే, మిగిలిన ముక్క పక్క కొమ్మలు వేస్తుంది. తుంచిన ముక్క కూడా వేళ్ళు పోసుకుని కొత్త మొక్క అవుతుంది."

అధికారి లేచి భూతద్దం అడిగి తీసుకున్నాడు. గాజు మీది జిగురు మరకను చూశాడు. మేడానికి ఇచ్చాడు, మేడం చూశారు. భూతద్దం మాస్టారి చేతికి వచ్చింది. జిగురులో చుక్కలు, చుక్కల్లో బుల్లి గుల్లలు. తినే చేతులతో ముట్టుకున్నావా అని ఆయన ఒక మనిషిని నిలబెట్టి తిట్టిన మరక అది.

"అన్నీ పుస్తకంలోనే ఉన్నాయే!" అన్నాడు అధికారి. "ఈ పాఠం ఎప్పుడు చెప్పారు మాస్టారూ?"

మాస్టారు పెదవులు తడుపుకున్నారు. ఆయన ఇబ్బంది చూసి ‘సందేహం’ పాపం సాయం చెయ్యబోయింది.

"చెప్పలేదండీ, ఇంట్లో చదువుకోమన్నారు. ఏటా అంతేనండీ, మా అక్క చదివినప్పుడూ అంతేనట. ఆ రోజు నేను అడగబోయింది కూడా ఇదే, నత్త ఒక్కతే ఉంటే పిల్లలు పెడుతుందా అని. కూర్చోమన్నారు."

ఆ పిల్ల గొంతులో ఎత్తిపొడుపు లేదు. అందుకే అది సూటిగా వెళ్ళి తగిలింది. భార్య నవ్వుతుందనుకున్నారు మాస్టారు. ఆవిడ నవ్వలేదు. "నన్నొక్క మాట అడిగితే పోయేది కదండీ," అంది మెల్లగా. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. పదకొండేళ్ళు సిగ్గుపడకూడని దానికి సిగ్గుపడ్డారు. సిగ్గుపడాల్సిన పని చేసినప్పుడు మాత్రం ఫ్యాను చూస్తూ నిలబడ్డారు.

అటెండరును గేటు దగ్గర్నుంచి పిలిపించారు. ఎండకు మొహం కమిలిపోయి ఉంది. గుమ్మం బయటే ఆగి, "నమస్కారం మాస్టారూ," అన్నాడు.

మాస్టారు అందరి ముందూ రెండు చేతులూ జోడించారు. "తప్పు నాది. నువ్వేమీ చెయ్యలేదని నాకు మూడు వారాల కిందటే తెలుసు. చెప్పడానికి మొహం చెల్లలేదు. ఆ నత్త... దానంతటదే పిల్లలు పెట్టింది. పుస్తకంలో ఉంది. నేను చదవలేదు."

అటెండరు తొట్టెను చూశాడు, బేసినును చూశాడు. తర్వాత అన్నాడు.

"మాస్టారూ, పద్దెనిమిదేళ్ళుగా ఈ తలుపు పక్కనే కూర్చున్నాను. మీకు ముందున్న మేడం పాఠాలు సగం సగం వినేవాణ్ణి, ఆవిడ గొంతు చిన్నది. మీ గొంతు పెద్దది. మీరు వచ్చాక ఒక్క ముక్క వదల్లేదు. గుండె ఎన్ని గదులో నన్నడగండి, చెబుతాను. ఎముకలెన్నో చెబుతాను. ఈ ఎనిమిదోది మాత్రం మీరెప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే, ఆ రోజు మేడం గారు అడిగినప్పుడు నాకూ ఒక జవాబుండేది కదండీ."

మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అధికారి దగ్గాడు. మేడం కత్తిరించిన దారంతో సహా తాళంచెవిని తెచ్చి అటెండరు చేతిలో పెట్టారు, "నేనూ తొందరపడ్డాను," అన్నారు కిందికి చూస్తూ. ఆవిడ అలా అనడం బడి చరిత్రలో అదే మొదలు.

"రిజిస్టరులో అబద్ధం రాసినందుకు మీకు మెమో వస్తుంది మాస్టారూ," అన్నాడు అధికారి. "అది తర్వాత సంగతి. ముందు పిల్లల్ని పిలిచి ఎనిమిదో పాఠం చెప్పండి. నేను వెనక బెంచీలో కూర్చుంటాను."

"చెబుతాను సార్. కానీ ఈయన బయట కూర్చోవడానికి వీల్లేదు," అన్నారు మాస్టారు అటెండరు చెయ్యి పట్టుకుని. "లోపలికి రా. మొదటి బెంచీ."

పిల్లలు వచ్చారు. భార్య డ్యూటీకి ఫోను చేసి అరగంట ఆలస్యమవుతుందని చెప్పి, గోడకు ఆనుకుని నిలబడింది. మాస్టారు సుద్దముక్క పట్టుకున్నారు. చెవులు రెండూ దీపాల్లా వెలుగుతున్నాయి. బోర్డు మీద రెండు మాటలు రాశారు. పైకి చదవాలి. మొదటి బెంచీలో తాళంచెవిని గుప్పిట్లో పట్టుకుని కూర్చున్న మనిషిని చూశారు.

"లైంగిక ప్రత్యుత్పత్తి," అన్నారు. పైకప్పు కూలలేదు. "అలైంగిక ప్రత్యుత్పత్తి," అన్నారు. ఒక్క పిల్ల కూడా కిసుక్కుమనలేదు, అందరూ రాసుకుంటున్నారు.

అక్కణ్ణించి మాట దానంతటదే వచ్చింది. ఈస్టు ఒంటి మీద మొగ్గ తొడిగి, అది విడిపోయి ఇంకో ఈస్టు అవుతుందన్నారు. నీళ్ళలో బతికే చిన్న జీవి హైడ్రా కూడా అంతే, తల్లి పక్కనే మొలిచి, కాస్త ఎదిగాక వేరు కాపురం పెడుతుందన్నారు. ఆలుగడ్డ మీది కన్ను నాటితే మొక్క వస్తుందన్నారు. పుప్పొడి మోసుకెళ్ళే తేనెటీగ గురించి చెప్పేటప్పుడు చేతులు రెక్కల్లా ఆడించారు కూడా. చదునుగా ఉండే ఒక పురుగును రెండుగా కోస్తే రెండు ముక్కలూ రెండు పురుగులవుతాయని చదివి, మాస్టారే ముందు నోరు తెరిచారు.

‘సందేహం’ చెయ్యెత్తింది. "నత్త ఒక్కతే కదండీ పిల్లల్ని పెట్టింది. మరి అది అలైంగికమేనా?"

మాస్టారు ఒక్క క్షణం పుస్తకంలో చూసుకున్నారు. దాచుకోకుండా, అందరి ముందే చూసుకున్నారు. "కాదమ్మా. ఒంటరిదైనా దాని ఒంట్లో రెండు రకాల కణాలున్నాయి, అవి కలిస్తేనే గుడ్డు పిల్లయ్యేది. అందుకని లైంగికమే. ఒక్కటే కదా, ఏం కాదులే అనుకోవడం పొరపాటు. నేనలాగే రాసిచ్చాను."

ఈసారి క్లాసంతా నవ్వింది. మాస్టారూ నవ్వారు. గంట కొట్టారు. పిల్లలు పుస్తకాలు సర్దుకుంటుంటే ‘సందేహం’ మళ్ళీ లేచింది.

"అయితే సోమవారం తొమ్మిదో పాఠమా మాస్టారూ?"

మాస్టారి చెవులు మళ్ళీ రంగు మారాయి. గోడ దగ్గరున్న భార్యకేసి దిక్కుతోచనట్టు చూశారు.

"మీ మాస్టారు చెప్పలేకపోతే నేనొచ్చి చెబుతాలే," అంది ఆవిడ.

"నాకు మాత్రం సోమవారం సెలవిప్పించండి," అన్నాడు అటెండరు తాళంచెవిని నడుముకు ముడి వేసుకుంటూ. "తొమ్మిదో పాఠం నాకు వచ్చు. నలుగురు పిల్లలు."

పిల్లలంతా వెళ్ళాక మాస్టారు రిజిస్టరు తెరిచి, ‘ఇకపైనా ఒకటే’ అన్నదాన్ని ఎర్రసిరాతో కొట్టేశారు. ఆ ఎర్ర కలం అందించింది కొట్టివేతలు గిట్టని మేడమే. తొట్టెలోవీ బేసినులోవీ కలిపి నూట నలభై మూడు అని పక్కన రాసి, సంతకం చేసి, తలెత్తి చూసేసరికి గాజు మీద కొత్త జిగురు ముద్ద మెరుస్తోంది.

ఆ రిజిస్టరులో నత్తల గడి ఒక్కటీ ఇప్పటికీ పెన్సిలుతోనే నింపుతారు.